ఉద్దెర పద్దు

నేను ఎవర్నీ చంపలేదు.
లెక్క చెప్పిన, గంతే.

అమ్రాబాద్‌ల మా దుకాణం.
గోనె సంచుల నడుమ త్రాసు, త్రాసు పక్కన
ఎర్రగుడ్డ అట్టేసిన ఉద్దెర పుస్తకం.
సగం మా నాయన దస్తూరి, సగం నాది.
ఊరు ఏం తిన్నదో, ఎన్నిదినాలు తినలేదో
దేవునికన్న ముందు దానికే ఎరుక.

ఆయన మొదటిసారి వచ్చిననాడు
పల్లీపట్టీ కొన్నడు. పైసలిచ్చిండు.
పోలీసోడు పైసలిస్తడా? ఇయ్యడు.
గందుకే నాకు అనుమానం రాలే.
గళ్లంగీ, నంబరు లేని రాజ్‌దూత్,
మెడమీద మాత్రం మిషిన్ కటింగ్,
కోతైన మడి లెక్క సాఫ్.

పేరడిగితే శ్రీధర్ అన్నడు.
పదరల అదే మనిషి సుధాకరట.
ఒక ఊర్ల ఎరువుల ఏజెంటు,
ఇంకో ఊర్ల బోర్ల సర్వే.

అడిగింది ఒక్కటే, నెలకొక్కసారి:
"సేటూ, ఈ నడుమ ఎవరన్న
ఇంటికి మించి బియ్యం కొన్నరా?"

ఇంటికి మించి.
ఏ ఇంటికి ఎంతో నా చేతికే తెలుసు,
త్రాసు చూడకుండనే పోస్త.
టార్చికి రెండు సెల్లులు చాలు, ఆరెందుకు?
టించరు సీసలు మూడెందుకు?
ఆయన కాయితం తియ్యలే, కలం తియ్యలే.
చెవులేసుకొని వచ్చిండు, నింపుకొని పోయిండు.

నాకేం ఇచ్చిండని అడుగుతరు.
ఏం ఇయ్యలే.
చక్కెర పర్మిటు ఆగకుండ వచ్చింది.
తూకపురాళ్ల ముద్ర చూసే ఆఫీసరు
ఆ రెండేండ్లు మా గడప తొక్కలే.
ఇంకా, మా చిన్నోడు ఏ బడిల
ఏ వరుసల కూసుంటడో
నేను చెప్పకముందే ఆయన చెప్పిండు.
నవ్వుకుంటనే చెప్పిండు.

కుర్మయ్య ఆ ఎండకాలం
పది కిలోల బియ్యం ఉద్దెరకు పట్టుకపోయిండు.
ఉప్పు కిలో. అగ్గిపెట్టెలు డజను.
"చెల్లె పురిటికొచ్చింది సేటూ" అన్నడు.
వానికి చెల్లె లేదు.
ఆ పద్దు నేను రెండుసార్లు చదివిన.
ఒకసారి మనసుల.
ఒకసారి బయటికి.

జీపు రాలే, బూట్ల చప్పుడు కాలే.
మన్ననూరు కాడ బస్సు దిగిన మనిషి
ఊరికి రాలే, అంతే.
నాలుగోనాడు పేపర్ల ఎదురుకాల్పులన్నరు.
ఎదురుగ ఎవరున్నరో రాయలే.

ఆ బియ్యం వాంతులు బేదులతోటి పండుకున్న
చెంచుపెంటకు పోయినయని కొందరు.
కాదు, అన్నలకే పోయినయని కొందరు.
నాకిప్పటికీ తెల్వదు.
అడిగేటోడు కూడ ఎన్నడూ అడగలే.
మించిందా లేదా, ఆయనకు అదే కావాలె.

పదకొండోనాడు ఈదమ్మ వచ్చింది.
కొంగుముడి ఇప్పి
చిల్లర త్రాసు పళ్లెంల పోసింది.
"మావోని పద్దు ఎంతుందో చూడు.
బాకీతోటి పోవద్దు వాడు."
ఏం లేదు పో అవ్వా, అన్న.
"ఉంటది. నువ్వు అన్నీ రాస్తవు గద" అన్నది.

ఆ మాట ఉత్త మాటనో కాదో
ఆమె మొకంల ఎంత ఎతికినా దొరకలే.

ఎనభై రెండు రూపాయలు.
తీసుకున్న.
తీసుకోకుంటే, ఎందుకు తీసుకుంటలేవని అడుగుతది.
గీత కొట్టిన. గీత కింద
పేరు ఇంక కనపడుతనే ఉన్నది.

ఆయన రిటైరై వనపర్తిల ఇల్లు కట్టిండట.
ఇప్పుడొచ్చే పిలగాడు బియ్యం సంగతి అడగడు.
ఎవరి ఫోన్ల ఎంత రీచార్జి ఏసినవ్, అంటడు.
కొడుక్కు చెప్పిన, నీకు తెల్వదను.
వాడు నా దిక్కు చూసిండు,
నీకెట్ల తెల్సు అన్నట్టు.

ఈదమ్మ ఇప్పటికీ మా దుకాణానికే వస్తది.
ఉద్దెర పెట్టదు.
ఒక్క మనిషికి సరిపడ కొంటది.
ఎప్పుడన్న, పండుగ గూడ కాదు, ఉత్త దినంనాడు
ఇద్దరికి కొంటది.

ఆ లెక్క
నేనింకా ఎవరికీ చెప్పలే.